ట్రెమర్ అనే మాట ఎవరు అనాలి

మొన్నీమధ్య ఒక నర్సు పిల్ల ఫోన్లో మెసేజ్ పెట్టింది. విదేశాల్లో ఉద్యోగానికి ఇంగ్లీషు పరీక్ష రాస్తోందట. ట్రెమర్ అన్నా షివరింగ్ అన్నా ఒకటే కదా మేడమ్, డిక్షనరీలో రెండిటికీ వణుకు అనే అర్థం చూపిస్తోంది అని ఆ పిల్ల సందేహం. ఒకటి కాదమ్మా అని టైపు చేశాను. ఎందుకు కాదో కూడా టైపు చేయబోయి ఆగిపోయాను. ఆ మాట గురించి నేను చెప్పాల్సింది మెసేజ్‌లో పట్టదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ పిల్లతోపాటు కొత్తగా ఆపరేషన్ థియేటర్లో అడుగుపెడుతున్న మిగతా పిల్లలూ చదువుకుంటారు.

మన తెలుగులో వణుకు ఒక్కటే. చలికి వణుకుతాం, జ్వరానికి వణుకుతాం, భయానికి, కోపానికి, ముసలితనానికి, అన్నిటికీ అదే మాట. మా ఇంట్లో ఉర్దూ మాట్లాడతాం. మా అమ్మ కూడా అన్నిటికీ కలిపి కప్‌కపీ అనేసేది. ఇక ఆసుపత్రిలో అయితే డాక్టర్ల దగ్గర నుంచి ఊడ్చేవాళ్ళ దాకా అందరిదీ షేకింగే. నేను విజయవాడలో ఒక కంటి ఆసుపత్రిలో చేరిన కొత్తలో పెద్ద డాక్టరు గారికి ఎవరో పేషెంటు గురించి "షేకింగ్‌గా ఉందండి" అని చెప్పి తిట్లు తిన్నాను.

"షేకింగ్ ఏమిటి సిస్టర్? మిక్సీ షేక్ అవుతుంది. పామర్రు బస్సు షేక్ అవుతుంది. పేషెంటుకు ఏమైందో చెప్పు" అన్నారు.

తిట్టి ఊరుకునే మనిషి కాదు ఆయన. తిట్టిన తర్వాత కూర్చోబెట్టి చెప్పేవారు. దుప్పటి కప్పితే తగ్గేది షివరింగ్. ధైర్యం చెబితే తగ్గేది ట్రెంబ్లింగ్. ఈ రెండిటికీ లొంగకుండా, చిన్నగా, ఒకే వరసలో, మనిషి ఇష్టంతో నిమిత్తం లేకుండా వచ్చేది ట్రెమర్. మరీ సన్నగా ఉంటే దాని ముందు ఫైన్ అని చేర్చాలి. పేపరు వాళ్ళు భూమి కాస్త కదిలినా ట్రెమర్స్ అనే రాస్తారు, ఎవరి గొంతైనా సన్నగా వణికినా ఆ మాట వాడతారు. మనకు మాత్రం చేతి దగ్గరే ఎక్కువ అవసరం. అది ఎప్పుడు వస్తోంది, చెయ్యి ఊరికే పెట్టుకున్నప్పుడా, పని చేస్తున్నప్పుడా, అది కూడా చెప్పాలి. చాలాసార్లు అది ఉన్న మనిషి కంటే ఎదురుగా ఉన్న మనిషికే ముందు కనిపిస్తుంది, అందుకని ఆ ఫైండింగ్‌ను, అంటే కంటపడిన లక్షణాన్ని, చూసినవాళ్ళు చెప్పి తీరాలి. ఇదీ ఆయన పాఠం.

ఆ పాఠం చెప్పిన మనిషి చేతిలోనే, చాలా ఏళ్ళ తర్వాత, నేను దాన్ని చూశాను.

ఆ చెయ్యి సంగతి కాస్త చెప్పాలి. మావైపు హస్తవాసి అంటారు కదా, డెల్టా జనానికి డాక్టరు చదువు కంటే దాని మీదే గురి. కంకిపాడు నుంచి, పామర్రు నుంచి, ఇటు ఇబ్రహీంపట్నం నుంచి వచ్చేవాళ్ళు రిసెప్షన్లో అడిగే మొదటి మాట, పెద్దాయనే చేస్తారా అని. ఆపరేషన్లు ఉన్న రోజు ఆయన కాఫీ తాగేవారు కాదు. కారు నడిపేవారు కాదు. చేతిసంచీ కూడా మోసేవారు కాదు. ఒకసారి కూరగాయల సంచీ అందుకోమన్నందుకు ఇంట్లో ఆవిడ మీద విసుక్కుని, ఆ పూటంతా ఆవిడ చేత మాటలు పడ్డారని ఆయనే చెప్పి నవ్వారు. మైక్రోస్కోపు కింద ఆయన చెయ్యి కదిలితే పనిముట్టు కదిలినట్టు ఉండేది కాదు, శుక్లమే తనంతట తాను పక్కకు తప్పుకుంటున్నట్టు ఉండేది.

మా ఆసుపత్రికి ఇంకో గొప్ప కూడా ఉండేది. కింద హాల్లో పెద్ద టీవీ పెట్టి, పైన జరిగే ఆపరేషన్ పేషెంటు తాలూకు వాళ్ళకు చూపించేవాళ్ళం. ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు జంతికలు నములుతూ సినిమా చూసినట్టు చూసేవారు. "మా నాన్న కన్ను పళ్ళెమంత కనపడిందండీ" అని వెళ్ళి ఊళ్ళో చెప్పుకునేవారు. దాంతో ఇంకో నలుగురు వచ్చేవారు.

అది రంజాన్ నెల. నేను ఉపవాసంలో ఉన్నాను. ఆపరేషన్లో ఆయనకు ఎడమ పక్కన నిలబడి పనిముట్లు అందించడం నా పని, నా ఎదురుగా చిన్న తెర ఉంటుంది. కంట్లోకి దిగబోయే ముందు పనిముట్టు మొన సన్నగా అదిరింది. నీరసానికి నా కళ్ళే చెదురుతున్నాయనుకున్నాను. ఆయన చిటికెన వేలు పేషెంటు నుదుటి మీద ఆనించగానే మొన కుదురుకుంది, ఆపరేషన్ మామూలుగా అయిపోయింది. మర్నాడు మళ్ళీ అదే. పండగ వెళ్ళిపోయింది, నేను శుభ్రంగా తిని వస్తున్నాను, అయినా ఆ మొన అదురుతూనే ఉంది. అప్పుడు తెలిసింది నా కళ్ళది కాదని. తెలిసిన క్షణం నుంచి నాకు మనశ్శాంతి లేదు.

థియేటర్లో మేం ముగ్గురం ఎప్పుడూ ఆయన వెంట ఉండేవాళ్ళం. నేను, మైక్రోస్కోపూ మిషన్లూ చూసుకునే టెక్నీషియను, ఆయన దగ్గర ఆపరేషన్ నేర్చుకుని అక్కడే ఉండిపోయిన చిన్న డాక్టరమ్మ. నేను చూసింది మిగతా ఇద్దరూ చూశారని వాళ్ళు చేసే పనుల వల్ల నాకు అర్థమైంది. టెక్నీషియను మైక్రోస్కోపు కంపెనీ మనిషిని పిలిపించి బోల్టులన్నీ బిగించాడు. టేబుల్ చక్రాలు మార్పించాడు. ఏసీ వల్ల వైబ్రేషన్ వస్తోందని దాని కింద రబ్బరు ముక్కలు పెట్టాడు. చిన్న డాక్టరమ్మేమో సార్‌కి నీరసం వస్తోందేమో అని రెండు ఆపరేషన్ల మధ్య మజ్జిగ తెప్పించి పెట్టేది. ఆయన అడిగితే ఎండలండీ అనేది. నేను వాళ్ళకేం తీసిపోలేదు. పనిముట్లలో కాస్త బరువైన పిడి ఉన్నవి ఏరి ఆయన చేతికి అందించడం మొదలుపెట్టాను, బరువుంటే చెయ్యి నిలుస్తుందని.

ఇంతకీ మా ముగ్గురిలో ఎవరూ పైకి ఒక్క మాట అనలేదు. అదీ విచిత్రం. ఒకరి కళ్ళలోకి ఒకరం చూసుకోవడం కూడా మానేశాం. పెద్దాయన అంటే మాకు భయం ఉంది, భయం కంటే గౌరవం ఉంది, గౌరవం కంటే ఎక్కువగా జాలి మొదలైంది. ఆ జాలితోనే ఆయన పని కొంచెం కొంచెంగా పంచుకున్నాం. చివర్లో చేసే చిన్న చిన్న పనులు చిన్న డాక్టరమ్మ తన వైపుకు లాక్కుంది. ఒకరోజు పొద్దున కింద టీవీ ఆగిపోయింది. వైరు పోయింది, బాగుచేసేవాడు రావాలి అని టెక్నీషియను రిసెప్షన్లో చెప్పాడు. వైరు బాగానే ఉందని నాకు తెలుసు. తెర మీద అన్నీ ఎన్నో రెట్లు పెద్దగా కనిపిస్తాయి కదా, జంతికలు నమిలేవాళ్ళలో ఎవరికో ఒకరికి అనుమానం వస్తుందని పీకేశాడు. నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఇలా నెలలు గడిచాయి. మధ్యలో ఒకామెకు కంట్లో సన్నటి పొర చిరిగింది. అలా ఎంత గొప్ప డాక్టరు చేతిలోనైనా అప్పుడప్పుడూ జరుగుతుంది, ఆమెకు చూపు బాగానే వచ్చింది కూడా. కానీ అది మామూలుగా జరిగేదా, ఆ వణుకు వల్లనా అన్నది మాకెవరికీ తెలియదు. రేపు చెప్పేయాలని రోజూ రాత్రి అనుకుంటాను, పొద్దున ఆయన తలుపు తోసుకుని "ఏమ్మా సిస్టర్, మొదలుపెడదామా" అంటూ వచ్చేసరికి నోరు పెగలదు. ఇంతకీ ఏమని చెప్పాలి? "సార్, మీ చేతులు వణుకుతున్నాయండి" అనాలా? మన భాషలో ఆ మాట మనిషి మొహం మీద అనేది కాదు. పిరికివాడివనైనా అన్నట్టు, ముసలివాడివయ్యావనైనా అన్నట్టు. ఇక మీ పని అయిపోయిందని చెప్పినట్టే.

డెల్టాలో నాట్లు అయిపోయి జనానికి కాస్త తీరిక దొరికాక మా దగ్గర రద్దీ పెరుగుతుంది. ఆ రద్దీలో వచ్చింది ఆవిడ, పామర్రు దగ్గర ఊరు. యాభై దాటి ఉంటాయి. చిన్నతనంలో కుప్పనూర్పిళ్ళప్పుడు వడ్లగింజ ఎగిరి తగిలి ఎడమకన్ను పోయింది. మిగిలిన కుడికంట్లో శుక్లం ముదిరి రాయిలా ఉంది. రోడ్డు పక్కన బండి మీద బజ్జీలూ పునుగులూ వేసుకుని బతుకుతోంది. మరిగే నూనె ఎక్కడిదాకా ఉందో కనపడక ఆమె ముంజేతుల మీద కాలిన మచ్చలు. మా కంటి ఆసుపత్రుల్లో ఒంటికన్ను పేషెంటు అంటే అందరికీ గుండెల్లో గుబులే. తేడా వస్తే రెండో కన్ను ఉందిలే అనుకోవడానికి ఉండదు. తేడా వస్తే చీకటే.

ముందురోజు చుక్కల మందు వేస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నాకిదొక్కటే ఉంది. పెద్దాయన చేత్తోనే చేయించు. ఆయన కోసవే డబ్బులు కూడేసుకుంటా ఏడాది నుంచి ఆగానమ్మా" అంది.

సరేనన్నాను. ఇంకేమంటాను?

ఆ సాయంత్రం మొదటిసారి మేం ముగ్గురం ఆ విషయం పైకి మాట్లాడుకున్నాం. అప్పుడు కూడా దాని పేరు ఎత్తలేదు, "ఆ సంగతి" అనుకున్నాం. చిన్న డాక్టరమ్మ చెప్పాలని నేనన్నాను. "ఆయన నా గురువు గారు సిస్టర్. నేను చెబితే, ఆ కుర్చీ కోసం చెప్పినట్టుంటుంది" అందామె. అదీ నిజమే. టెక్నీషియను వైపు చూశాం. "నేను మిషన్ల మనిషినక్కా, చేతుల గురించి నేనేం చెబుతాను? మీరు సీనియర్ కదా" అన్నాడు. అలా తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చింది. నా భయం నాకుంది. ఉద్యోగం పోతుందేమోనన్న భయం కంటే, ఆ మనిషి మొహం చిన్నబోతే చూడలేనన్న భయం పెద్దది. ఆ రెండిటి కంటే పెద్దది మరొకటి. నేను చెప్పకుండా ఉండి, ఆవిడ కట్టు విప్పినప్పుడు ఏమీ కనపడ్డం లేదమ్మా అంటే?

మర్నాడు ఆవిడది ఆఖరు ఆపరేషన్. దానికి ముందు చేసిన ఆపరేషన్లో పనిముట్టు మొన కంటి ముందు ఆగింది. నుదుటి మీద వేలు ఆనించాక కూడా వెంటనే కుదురుకోలేదు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని, ఊపిరి తీసుకుని, మళ్ళీ పెట్టారు. అంతా బాగానే అయింది. కానీ నా వీపు తడిసి ముద్దయింది.

ఆపరేషన్ల మధ్య చేతులు కడుక్కునే చోట ఆయన మోచేత్తో కుళాయి తిప్పి నిలబడ్డారు. పక్క కుళాయి దగ్గర నేను. లోపల ఆవిడను టేబుల్ ఎక్కించారు, కంటి వరకు మత్తు ఇంజెక్షను కూడా అయిపోయింది. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పడానికేమీ ఉండదు. ఏ మాటలతో చెప్పాలో అంతవరకూ నాకు తట్టలేదు. ఆయన నేర్పిన మాటలే నోటికొచ్చాయి.

"సార్, ఒక ఫైండింగ్ చెప్పాలండి."

"ఎవరిది?"

"మీదండి. కుడిచెయ్యి. ఫైన్ ట్రెమర్. పనిముట్టు పట్టుకున్నప్పుడు వస్తోంది. వేలు ఆనించాక తగ్గుతోంది. ఈమధ్య తగ్గడానికి టైము పడుతోందండి."

ఎవరో పేషెంటు గురించి డాక్టరుకు చెప్పినట్టు, గోడకేసి చూస్తూ చెప్పేశాను. పరాయి భాషలోని ఆ చిన్న మాట అడ్డం లేకపోతే నా వల్ల అయ్యేది కాదు. అందులో ముసలితనం లేదు, పిరికితనం లేదు. ఒక చెయ్యి ఉంది, ఆ చేతిలో ఒక కదలిక ఉంది, అంతే. ఇదమ్మా, పరీక్ష రాసే పిల్లా, ఆ మాటకు నాకు తెలిసిన వాడుక.

ఆయన నీళ్ళు ఆపలేదు. అరుస్తారని ఎదురుచూశాను. అరిస్తే బాగుండేది.

"ఎప్పట్నుంచి చూస్తున్నావు?"

"రంజాన్ నుంచండి."

"చిన్న డాక్టరుకు తెలుసా?"

"తెలుసండి."

"ఆ టెక్నీషియనుకో?"

"తెలుసండి. ఏసీ కింద రబ్బరు ముక్కలు అందుకే పెట్టాడండి."

ఆయన మొహంలో నవ్వులాంటిదేదో వచ్చి పోయింది. మోచేతుల నుంచి నీళ్ళు కారుతుంటే రెండు చేతులూ పైకెత్తి పట్టుకుని చాలాసేపు చూసుకున్నారు.

"నాకు మీకంటే ముందే తెలుసు సిస్టర్. ఆపరేషన్ల రోజు గుండెదడకు వేసుకునే మాత్ర ఒకటి వేసుకుని వస్తున్నాను, అది చేతినీ కాస్త నిలుపుతుంది. రోజూ ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు ఒకటే అనుకునేవాణ్ణి. టేబుల్ దగ్గర సిస్టర్ ఉంది, ఏ కాస్త తేడా కనపడినా ఆమె ఊరుకోదు అని. మీరెవరూ ఏమీ అనడం లేదు గనక, బయటికి కనపడేంత లేదనుకున్నాను."

ఇన్ని నెలలుగా ఆయనను కాపాడుతున్నామనుకుంటున్న మా మౌనాన్ని ఆయన సర్టిఫికెట్టు అనుకున్నారు. బరువు పిడి పనిముట్టు నేను అందించిన ప్రతిసారీ ఆయన చేతికి ఏ లోటూ లేదని నేను సంతకం పెట్టినట్టే. ఆయన నన్ను తిట్టలేదు. ఆ రోజు తిట్టకపోవడమే నేను ఆయన దగ్గర తిన్న పెద్ద తిట్టు.

లోపలికి వెళ్ళాం. చిన్న డాక్టరమ్మ ఆవిడ మొహం మీద ఆకుపచ్చ గుడ్డ కప్పబోతోంది. మా మొహాలు చూసి ఆమెకు అర్థమైంది. పెద్దాయన మెల్లగా, ఇది నువ్వు చెయ్యాలి అన్నారు. అప్పుడు టెక్నీషియను నా చెవి దగ్గరికి వచ్చి, గుడ్డ కప్పాక పేషెంటుకు ఎవరు చేస్తున్నారో తెలియదనీ, పెద్దాయన పక్కన నిలబడి మాట్లాడుతుంటే ఆయనే చేస్తున్నారనుకుంటుందనీ, ఆవిడకూ ధైర్యంగా ఉంటుందనీ అన్నాడు. నిజం చెప్పాలంటే నాకూ అది సబబుగానే తోచింది. ఆ మాట పెద్దాయన చెవిన పడింది. గుడ్డ ఆపమని సైగ చేశారు. స్టూలు లాక్కుని ఆవిడ తల పక్కన కూర్చున్నారు.

"అమ్మా, నేను పెద్ద డాక్టర్ని."

"మీరేనా బాబు గారూ చేసేది?"

"కాదమ్మా. నా చెయ్యి వణుకుతోంది."

తెలుగులో అన్నారు. మేం ముగ్గురం ఇన్ని నెలలు నోటి చివరికి కూడా రానివ్వని మాట, నేను ఇంగ్లీషు చాటున దాక్కుంటే తప్ప చెప్పలేకపోయిన మాట.

ఆవిడ అడిగింది, "మరి నా కన్ను?"

"ఈ డాక్టరమ్మ చేస్తుంది. నేర్పింది నేనే. నేను పక్కనుండి చూస్తుంటాను. మీకిష్టం లేకపోతే ఇవాళ ఆపేద్దాం. ఇంకో మంచి డాక్టర్ని చూసి నేనే పంపిస్తాను. తప్పేం లేదు."

"నాకు బయంగా ఉంది బాబు గారూ."

"ఉంటుందమ్మా."

ఆవిడ చెయ్యి చాపి గాలిలో వెతికింది. "ఏదీ అమ్మాయి, నీ చెయ్యి ఇట్టా ఇయ్యి" అంది. చిన్న డాక్టరమ్మ అప్పటికే శుభ్రం చేసుకుని గ్లవ్స్ వేసుకుని ఉంది. ఆ చేత్తో ఎవరినీ ముట్టుకోకూడదు. అయినా ఒక్క క్షణం ఆలోచించకుండా ఇచ్చేసింది. ఆవిడ ఆ వేళ్ళు నొక్కి చూసింది.

"ఈ అమ్మాయి చెయ్యీ వణుకుతుందిగా" అంది.

నాకు ప్రాణం పోయినంత పనైంది. పెద్దాయన మాత్రం తడుముకోలేదు. "అది భయమమ్మా. మొదలుపెట్టాక ఉండదు. నాది అలాంటిది కాదు" అన్నారు.

ఆవిడ అంది. "మరిగే నూనె దగ్గర నుంచున్నోళ్ళకి బయం ఉండాలిలెండి. లేనోళ్ళే మీద పోసుకుంటారు. కానివ్వండి."

చిన్న డాక్టరమ్మకు గ్లవ్స్ మార్చాను. గుడ్డ కప్పాం. పెద్దాయన టెక్నీషియను వైపు తిరిగి, కింద టీవీ వేయించు, ఈవిడ చెల్లెలు వచ్చి కూర్చుని ఉంది కదా, చూడాలి అన్నారు. వైరు పోయిందని అందరితోపాటు ఆయనకూ చెప్పి ఉన్నాం. అతను తల వంచుకుని వెళ్ళి, పీకేసిన వైరు తగిలించి వచ్చాడు.

అంత గట్టి శుక్లాన్ని నేను చాలా తక్కువసార్లు చూశాను. నా చేతిలో పనిముట్టు ఉంది, అందిస్తున్నాను, పని జరుగుతోంది, కానీ ఊపిరి ఎప్పుడు తీశానో ఎప్పుడు వదిలానో తెలియదు. పెద్దాయన మైక్రోస్కోపుకున్న పక్క అద్దంలోంచి చూస్తూ, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని వంగి ఉన్నారు. సగంలో చిన్న డాక్టరమ్మ ఆగిపోయింది. పొర దగ్గర ఏదో అనుమానం వచ్చింది ఆమెకు. చెయ్యి తీసేయబోయింది. "తియ్యొద్దు. అక్కడే ఉండు. తొందరేం లేదు" అన్నారాయన, నిద్రపోతున్న బిడ్డ పక్కన మాట్లాడినంత మెల్లగా. ఆమె అక్కడే ఉంది. కాసేపటికి చెయ్యి మళ్ళీ కదిలింది. ఆఖరి ముక్క బయటికి వచ్చి కొత్త లెన్సు దానంతట అది విచ్చుకుంటుంటే, టెక్నీషియను నోటి నుంచి ఓ పెద్ద నిట్టూర్పు వినపడింది. ఆయన వెనక్కి తిరిగి చూస్తే దగ్గినట్టు నటించాడు.

ఆ తర్వాత పెద్దాయన ఆపరేషన్ చేయలేదని ఇప్పుడే చెప్పేస్తున్నాను, మీరు దానికోసం ఎదురుచూడకుండా. ఓపీలో కూర్చున్నారు, నేర్పారు, నేను రిటైరయ్యే దాకా అందరినీ యథాప్రకారం తిట్టారు. తన చేతికి కూడా వైద్యం చేయించుకున్నారు. అది ప్రాణం మీదికి వచ్చే జబ్బు కాదని తేలింది, కాకపోతే పోయేది కూడా కాదు. పెద్దాయన చెయ్యడం మానేశారని తెలిసి కొంతకాలం జనం పలచబడ్డారు. మెల్లగా మళ్ళీ వచ్చారు, ఈసారి డాక్టరమ్మే చేస్తుందా అని అడుగుతూ.

కానీ ఆ పూటకు మాకివేవీ తెలియవు. ఆపరేషన్ బాగా అయిందనుకోవడం వేరు, చూపు రావడం వేరు. ఉన్న ఒక్క కంటికీ కట్టు కట్టేశాం గనక ఆవిడకు మర్నాటిదాకా లోకమంతా చీకటే. ఎవరు దగ్గరికి వచ్చినా తెల్లారిందా అని అడిగిందట. నాకూ ఆ రాత్రి అదే ప్రశ్న.

పొద్దున్నే అందరం వార్డులో చేరాం. డ్యూటీ లేకపోయినా టెక్నీషియను కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కట్టు నేను విప్పాను. కళ్ళు తెరవమ్మా అన్నాను. తెరిచింది. రెప్పలు ఆర్పింది. "పొగ" అంది. చిన్న డాక్టరమ్మ మంచం చువ్వ పట్టుకుంది. మందు చుక్క వేసి, తుడిచి, మళ్ళీ చూడమన్నాను. ఆవిడ కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది, చెల్లెలి వైపు చూసి, "ఆ చీర నాది గదా, ఎప్పుడు కట్టావే" అంది. వార్డంతా నవ్వింది. చిన్న డాక్టరమ్మ ఏడ్చింది.

పెద్దాయన టార్చి వేసి ముందుకు వంగారు, కన్ను చూడడానికి. ఆ వెలుగు ఆవిడ చెంప మీద సన్నగా అదురుతూ కనిపించింది. ఆవిడ వెలుగును కాదు, దాన్ని పట్టుకున్న చేతిని చూస్తోంది. తదేకంగా, ఆ వణుకంతా చూసింది. తర్వాత టార్చి తప్పించి ఆ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకోబోయింది. ఆపరేషన్ అయిన కంటికి ఏదీ తగలకూడదు. నేను కంగారుగా ఆపబోయాను.

ఆవిడకు తెలుసు. తలను పక్కకు తిప్పి, ఆ చేతిని ఎడమకంటికి అద్దుకుంది, చిన్నప్పుడే పోయిన ఆ కంటికి. అలాగే ఉంచుకుంది. మూసుకున్న ఆ రెప్ప మీద ఆయన వేళ్ళు వణుకుతూనే ఉన్నాయి. మాలో ఎవరమూ పక్కకు చూడలేదు.